రూలు రాసే గదిలో కుర్చీ ఎవరిది? ఈయూ, దాని పొరుగు దేశాల లెక్క

గుణుపూర్‌లో ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “పొరుగు దేశాలు యూరోపియన్ యూనియన్‌తో (ఈయూ) తమంతట తామే ఒప్పందాలు చేసుకుంటున్నాయి. వాళ్లకు డబ్బు వస్తోంది, మార్కెట్ దొరుకుతోంది. ఎవరూ బెదిరించి సంతకం పెట్టించడం లేదు. మరి మా పుస్తకంలో దీన్ని అసమాన సంబంధం అని ఎందుకు రాశారు సార్? పెద్దవాడు చిన్నవాడికి సాయం చేస్తే తప్పేముంది?”

అమ్మా, నేను పర్లాకిమిడిలో పుట్టి, ఈ గజపతి, రాయగడ జిల్లాల కాలేజీల్లోనే ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ఎవరో ఒకరు నీలాగే అడిగేవారు. సాయంలో తప్పు లేదు, ఆ మాటలో నువ్వు కరెక్టే. కాకపోతే అసమానత ఉన్న చోటు వేరు. దాన్ని పుస్తకం భాషలో చెప్తే నువ్వు మళ్లీ ఇక్కడికే వచ్చి ఆగుతావు కాబట్టి మా ఇంటి సంగతితో మొదలుపెడతాను.

మా నాన్నగారు కొండ ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాస తోలేవారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు గీతకు ఇటువైపు వచ్చింది గానీ, పిక్కలకు మాత్రం దారి అటువైపే. ఫ్యాక్టరీలు అక్కడున్నాయి మరి. వేసవి సెలవుల్లో నేనూ లారీ ఎక్కి వెళ్లేవాణ్ణి. లోడు దించాక ఒకాయన వచ్చి ఒక బస్తా కుట్టు విప్పి, దోసెడు పిక్కలు తీసి, ఒక్కొక్కటీ రెండు ముక్కలుగా కోసి గోనెపట్టా మీద వరసగా పేర్చేవాడు. తెల్లగా నిండుగా ఉన్నవి ఒకవైపు, ముడుచుకుపోయినవీ మచ్చ పడ్డవీ ఇంకోవైపు. ఆ దోసెడు పిక్కలు ఎలా ఉంటే లోడు మొత్తానికీ ధర అలా. నాన్నగారు పక్కన చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవారు. ఏ బస్తా విప్పాలో, ఎన్ని కోయాలో, ఎంత మచ్చ ఉంటే పనికిరాదనాలో అన్నీ వాళ్లిష్టం. ఒక ఏడు తేమ ఎక్కువగా ఉంటోందని ఎనభై కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీయడం మొదలుపెట్టారు. ఆ సంగతి మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. అడిగితే “ఈ సీజను అందరికీ ఇంతే” అన్నారు.

ఇందులో మోసం లేదమ్మా. తూకం సరిగ్గా వేసేవారు, డబ్బు ఆ రోజే ఇచ్చేవారు, సీజనుకు ముందు అడ్వాన్సు కూడా ఇచ్చేవారు. ఆ అడ్వాన్సుతోనే నాన్నగారు కొండ మీద రైతులకు డబ్బు కట్టేవారు. పలాస లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కానీ మా లారీ రాకపోయినా ఆ ఫ్యాక్టరీ నడుస్తుంది, ఇంకో యాభై మంది తెస్తారు. ఆ తరుగు పెట్టిన రోజు లోడు వెనక్కి తీసుకుపోదామని నేనంటే నాన్నగారు ఒకటే మాట అన్నారు: “పిక్క ఆగుతుందిరా, అప్పు ఆగదు.”

ఇప్పుడు యూరప్‌కు వెళ్దాం. 2004లో ఒకేసారి పది దేశాలు ఈయూలో చేరాయి. దాంతో దాని సరిహద్దు తూర్పుకు బాగా జరిగి, బెలారస్, ఉక్రెయిన్‌లతో గోడ కలిసింది. చేర్చుకోదలచుకోని పొరుగువాళ్లను ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా అదే ఏడాది ‘యూరోపియన్ పొరుగు విధానం’ పుట్టింది. మొరాకో నుంచి అజర్‌బైజాన్ దాకా 16 దేశాలు దాని కిందికి వస్తాయి. అంతకు రెండేళ్ల ముందు, 2002లో, ఈయూ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌కు అప్పటి అధ్యక్షుడు రొమానో ప్రోదీ ఈ ఆలోచన మొత్తాన్నీ ఒక్క మాటలో చెప్పేశాడు: పొరుగువాళ్లతో అన్నీ పంచుకుందాం, సంస్థలు తప్ప. అంటే మార్కెట్ ఇస్తాం, డబ్బు ఇస్తాం, ప్రమాణాలు ఇస్తాం, నిర్ణయాలు జరిగే గదిలో కుర్చీ మాత్రం ఇవ్వం. నా దృష్టిలో నీ ప్రశ్నకు సగం జవాబు ఆ ‘తప్ప’ అన్న మాటలోనే ఉంది.

అసమానత అనగానే మనకు డబ్బున్నవాడు, లేనివాడు గుర్తొస్తారు. అందుకే ముందు నార్వేను చూడమంటాను. చమురు, గ్యాస్ ఉన్న దేశం, ఈయూలోని చాలా దేశాల కంటే ధనిక దేశం. చేరాలా వద్దా అని 1972లో ఒకసారి, 1994లో ఇంకోసారి ప్రజలను అడిగారు. రెండుసార్లూ వద్దన్నారు. కానీ చేపలు, గ్యాస్ కొనేది యూరప్ కదా, మార్కెట్ వదులుకోలేరు. అందుకని 1994 జనవరి నుంచి ‘యూరోపియన్ ఎకనమిక్ ఏరియా’ అనే ఏర్పాటులో ఉన్నారు. దాని ప్రకారం ఉమ్మడి మార్కెట్‌కు సంబంధించి ఈయూ చేసే ప్రతి చట్టాన్నీ నార్వే తన చట్టంగా చేసుకోవాలి. ఓటు లేదు. ఈయూలోని పేద ప్రాంతాల కోసం డబ్బు కూడా కట్టాలి. అక్కడివాళ్లు దీనికి పెట్టుకున్న పేరు ‘ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం’. ఈయూ కార్యాలయాలున్న బ్రస్సెల్స్ నుంచి ఫ్యాక్స్ వస్తుంది, నార్వే రాజధాని ఓస్లోలో అది చట్టమవుతుంది.

వద్దనే హక్కు కాగితం మీద ఉంది. 2011లో తపాలా సేవల మీద వచ్చిన ఒక ఈయూ చట్టాన్ని తీసుకోబోమని నార్వే ప్రభుత్వం చెప్పింది. ఒకటి వద్దంటే ఒప్పందంలో దానికి సంబంధించిన భాగాన్నే అవతలివాళ్లు ఆపేయొచ్చు, అదీ అందులో రాసుకున్నదే. 2013లో ప్రభుత్వం మారగానే కొత్తవాళ్లు ఆ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నారు. స్విట్జర్లాండ్ కథ కూడా ఇలాంటిదే. ఒప్పందాలన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చే చర్చల నుంచి 2021 మే 26న బయటికి వచ్చేసింది. సరిగ్గా ఆ రోజు నుంచే స్విస్ వైద్య పరికరాలకు ఈయూ మార్కెట్లో అంతవరకూ ఉన్న నేరుగా గుర్తింపు పోయింది.

కాబట్టి ఇది పేద, గొప్ప తేడాతో తెగే లెక్క కాదు. జనాభాతో కూడా తెగదు. సైప్రస్‌ను చూడు. ఆ రిపబ్లిక్ జనాభా సుమారు పది లక్షలు. టర్కీ జనాభా ఎనిమిదిన్నర కోట్లు. 2004లో సైప్రస్ లోపలికి వచ్చింది. టర్కీ సభ్యత్వ చర్చలు 2005 అక్టోబరులో మొదలయ్యాయి. సైప్రస్ నౌకలకు టర్కీ తన ఓడరేవులు తెరవనందుకు 2006లో ఈయూ ఆ చర్చల్లో ఎనిమిది అధ్యాయాలు, అంటే ఎనిమిది విషయాల మీద చర్చ, స్తంభింపజేసింది. 2009లో సైప్రస్ ఒక్కటే ఇంకో ఆరింటిని అడ్డుకుంది. చర్చకు తెరిచినవి మొత్తం 16, పూర్తయింది ఒక్కటి. బయట ఉన్నప్పుడు ఎంత చిన్న దేశమైనా, లోపల కుర్చీ దొరికాక దాని చేతిలో వీటో, అంటే ఒక్కటే అడ్డుపడి ఆపేయగల అధికారం, ఉంటుంది.

టర్కీ దగ్గర కొంచెం ఆగుదాం. పరీక్షలో రాయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 1963లో అంకారా ఒప్పందం, 1996 నుంచి కస్టమ్స్ యూనియన్. పారిశ్రామిక సరుకులకు రెండు వైపులా సుంకం లేదు, బయటి దేశాల సరుకుల మీద మాత్రం ఈయూ వేసే సుంకమే టర్కీ కూడా వేయాలి. దీనివల్ల టర్కీ పరిశ్రమ బాగుపడింది, అది నిజం. కార్లు, ఫ్రిజ్‌లు, బట్టలు యూరప్ నిండా అమ్ముకుంది. ఈరోజుకీ టర్కీ ఎగుమతుల్లో దాదాపు నలభై శాతం ఈయూకే.

చిక్కు మూడో దేశం దగ్గర వస్తుంది. ఈయూ మెక్సికోతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంది, 2000లో అమల్లోకి వచ్చింది. ఆ చర్చల్లో టర్కీ లేదు. మెక్సికో సరుకు సుంకం లేకుండా యూరప్ రేవులో దిగి, కస్టమ్స్ యూనియన్ ఉంది కాబట్టి అక్కడి నుంచి టర్కీలోకి కూడా రాగలదు. టర్కీ సరుకు మెక్సికోకు వెళ్తే మాత్రం సుంకం కట్టాలి, ఎందుకంటే మెక్సికో సంతకం పెట్టింది ఈయూతో, టర్కీతో కాదు. మాతోనూ ఒప్పందం చేసుకోండి అని టర్కీ విడిగా వెళ్లి అడగాలి. దారి ఎలాగూ దొరికింది కదా, మెక్సికోకు ఏం తొందర? దక్షిణ కొరియా విషయంలో ఈయూ ఒప్పందం 2011 జూలైలో అమలు మొదలైతే, టర్కీది 2013 మేలో మొదలైంది. తన ఇంటి గేటు తాళం ఎవరికి ఇవ్వాలో పక్కింటివాళ్లు నిర్ణయిస్తున్నట్టు ఉంటుందిది.

ఇంకో సంగతి. సరుకుకు స్వేచ్ఛ ఉంది గానీ, సరుకు మోసే లారీకి లేదు, దాన్ని నడిపే మనిషికీ లేదు. బల్గేరియా సరిహద్దులో కపికులే అనే గేటు ఉంది. టర్కీ నుంచి యూరప్‌కు పోయే లారీలకు పెద్ద దారి అది. అక్కడ కిలోమీటర్ల కొద్దీ లారీలు వరసలో ఆగిపోవడం మామూలు. డ్రైవరుకు వీసా కావాలి. చాలా సభ్యదేశాల గుండా పోవాలంటే పర్మిట్ కావాలి, వాటికి ఏడాదికి ఇన్నని కోటా. లారీలో ఉన్న వాషింగ్ మెషిన్‌కు అక్కర్లేని అనుమతి దాన్ని తోలుకుపోయే మనిషికి అవసరమవుతోంది. మా నాన్నగారి లారీలో కూర్చుని పాతపట్నం చెక్‌పోస్టులో తెల్లారేదాకా కాచుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి కాబట్టి ఈ ఒక్క విషయం నేను ఎప్పుడు చెప్పినా గొంతు కాస్త పెరుగుతుంది.

ఇక దక్షిణానికి, ట్యునీషియాకు. ఆ దేశం ఎగుమతుల్లో మూడింట రెండొంతులకు పైగా ఈయూకు వెళ్తాయి. ఈయూ మొత్తం వ్యాపారంలో ట్యునీషియా వాటా ఒక శాతం కూడా ఉండదు. ఇక్కడ నాన్నగారి మాట గుర్తు చేసుకో. ఇద్దరిలో ఆగలేనిది ఎవరు? ఆలివ్ నూనె సంగతి చూస్తే తెలుస్తుంది. ఏడాదికి 56,700 టన్నుల దాకా సుంకం లేకుండా పంపుకోవచ్చు, దాటితే సుంకం. 2015లో ఉగ్రవాద దాడులతో అక్కడి టూరిజం దెబ్బతిన్నప్పుడు, ఆదుకోవడానికని ఈయూ 2016, 2017లకు ఏడాదికి 35,000 టన్నుల చొప్పున అదనపు కోటా ఇచ్చింది. రెండేళ్లకు అది అయిపోయింది. మంచి మనసుతో ఇచ్చిందే కావచ్చు, కానీ ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి అన్నది ఇచ్చేవాడి చేతిలోనే ఉంది. పైగా ఆ నూనెలో ఎక్కువ భాగం ట్యాంకుల్లో ఇటలీ, స్పెయిన్ వెళ్తుంది. సీసా, లేబుల్, బ్రాండు, వాటి మీద వచ్చే లాభం అక్కడ. మన గజపతి కొండల పిక్క పలాసలో పప్పై, డబ్బాలోకి ఎక్కాక ధర ఎంతవుతుందో నువ్వు చూసే ఉంటావు.

డబ్బు సాయం గురించి అడిగావు కదా. 2023 జూలై 16న ఈయూ, ట్యునీషియా ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. సముద్రం మీదుగా యూరప్‌కు పోయే వలసలను ఆపడానికి, సరిహద్దు నిర్వహణకు 10.5 కోట్ల యూరోలు అందులో ఉన్నాయి. ఇంకో 90 కోట్ల దాకా అప్పుగా ఇస్తామన్నారు, కానీ అది అంతర్జాతీయ ద్రవ్యనిధితో ట్యునీషియా ఒప్పందం కుదుర్చుకుంటేనే. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు కైస్ సయీద్ తమకు సహకారం కావాలి గానీ దానం అక్కర్లేదంటూ, వచ్చిన 6 కోట్ల యూరోలను తిప్పి పంపించాడు. సయీద్ పాలన మీద నాకు గౌరవం లేదు, ప్రజాస్వామ్యాన్ని ఆయన కూల్చిన తీరు నువ్వు చదివే ఉంటావు. అయినా ఆ డబ్బు వెనక ఉన్నది ఎవరి అవసరమో మాత్రం చూడు. ట్యునీషియాలో చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు లేవు, అది వాళ్ల సమస్య. పడవలు రాకూడదన్నది యూరప్ సమస్య. డబ్బు ఏ సమస్య వైపు ముందుగా పారిందో చూస్తే సాయం అన్న మాటకు అర్థం తెలుస్తుంది. ఫ్యాక్టరీ మాకు అడ్వాన్సు ఇచ్చింది కూడా తన పిక్కల కోసమే.

ఉక్రెయిన్ సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. 2016లో ఈయూతో స్వేచ్ఛా వాణిజ్యం మొదలైంది. పేరు స్వేచ్ఛా వాణిజ్యమే, వ్యవసాయ సరుకుల్లో చాలావాటికి కోటాలు పెట్టారు. తేనెకు సుంకం లేని కోటా మొదట్లో 5,000 టన్నులు. ఉక్రెయిన్ ప్రపంచంలో పెద్ద తేనె ఎగుమతిదారుల్లో ఒకటి. ఆ కోటా ఏడాది మొదట్లోనే అయిపోయేది, మిగతా నెలలంతా సుంకం కట్టి అమ్ముకోవడమే. మీ గుణుపూర్ సంతలో ఒక సవర మనిషి కొండ దిగి నాలుగు డబ్బాల తేనె తెస్తే, మొదటి డబ్బాకే పన్ను లేదు, మిగతా మూడింటికి కట్టు అన్నట్టు అనుకో. 2022లో యుద్ధం వచ్చాక జూన్‌లో ఈయూ ఆ సుంకాలన్నీ ఎత్తేసింది. అది నిజంగా పెద్ద సాయం, తగ్గించి చెప్పకూడదు. కానీ 2023 ఏప్రిల్‌లో తమ రైతులకు ధర పడిపోతోందని పోలండ్, హంగరీ, స్లొవేకియా ఉక్రెయిన్ ధాన్యాన్ని ఆపాయి. 2024లో కోడిమాంసం, గుడ్లు, చక్కెర లాంటివి ఒక హద్దు దాటితే మళ్లీ సుంకం పడేలా మార్చారు. ఆ జాబితాలో తేనె కూడా చేరింది. పోలండ్ రైతు బాధ అబద్ధం కాదమ్మా. ఆయన బాధను మోసుకెళ్లి బ్రస్సెల్స్‌లో మాట్లాడటానికి ఒక మంత్రి, ఒక ఓటు ఉన్నాయి. ఉక్రెయిన్ రైతుకు ఆ గదిలో ఎవరూ లేరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఉత్తర మాసిడోనియా కథ. 2005లో ఈయూలో చేరడానికి అభ్యర్థి హోదా వచ్చింది. మాసిడోనియా అన్న పేరు తమదని గ్రీస్ అభ్యంతరం పెట్టింది. 2018 జూన్‌లో గ్రీస్‌తో ప్రెస్పా ఒప్పందం చేసుకుని, 2019లో ఆ దేశం తన పేరే మార్చుకుంది. ఒక దేశం సభ్యత్వం కోసం తన పేరు మార్చుకోవడమంటే ఏమిటో మన సరిహద్దు జిల్లాలవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, స్కూలు బోర్డు మీద ఏ లిపి పైన ఉండాలన్నదానికే మనం ఎంత మాట్లాడుకుంటామో నీకు తెలుసు. అయినా సభ్యత్వ చర్చలు మొదలవకుండా 2019 అక్టోబరులో ఫ్రాన్స్ ఆపింది. 2020 నవంబరులో భాష, చరిత్రల మీద అభ్యంతరంతో బల్గేరియా ఆపింది. 2022లో దారి తెరుచుకుంది గానీ, రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేర్చాలన్న కొత్త షరతుతో. అంటే ఫలానా పనులు చేస్తే తలుపు తీస్తామని ముందు చెప్పిన జాబితా, ఆ పనులు చేసేలోపు పెరిగింది. ఆ చివరి మెట్టు ఎక్కడుందో ఎక్కేవాడికి తెలియదు, ఎందుకంటే 27 సభ్యదేశాల్లో ప్రతి ఒక్కదానికీ ఒక మెట్టు కట్టే అధికారం ఉంది.

అలాగని చిన్న దేశాల చేతిలో ఏమీ లేదని రాస్తే అదీ తప్పే. 2021 మేలో స్పెయిన్‌తో గొడవ వచ్చినప్పుడు మొరాకో సరిహద్దు కాపలా వదిలేస్తే, రెండు రోజుల్లో దాదాపు 8,000 మంది మొరాకో పక్కనే స్పెయిన్ చేతిలో ఉన్న సెవుటా ఊళ్లోకి వచ్చేశారు. 2022 మార్చిలో స్పెయిన్, మొరాకో తనదని చెప్పుకునే పశ్చిమ సహారా మీద తన పాత వైఖరి మార్చుకుని మొరాకో ప్రతిపాదనను సమర్థించింది. ఇద్దరు కోరుకునే చోట ఉన్నవాళ్లకు కూడా కొంత బలం వస్తుంది. మన కొరాపుట్ వైపు కొటియాలో 21 ఊళ్ల మీద ఒడిశా, ఆంధ్ర రెండూ హక్కు చెప్పుకుంటాయి కదా, అక్కడివాళ్లకు పథకాలు రెండు వైపుల నుంచీ అందుతాయి. రష్యా ఉన్నంతకాలం మాల్దోవా మాట బ్రస్సెల్స్‌లో వింటారు. కానీ కొటియా వాళ్లను అడుగు, ఇద్దరి మధ్య బతకడం అంటే ఎంత టెన్షనో చెప్తారు. 2013 నవంబరులో ఉక్రెయిన్ అధ్యక్షుడు యానుకోవిచ్ ఈయూ ఒప్పందం మీద సంతకం పెట్టకుండా ఆగిపోయిన దగ్గర్నుంచి ఆ దేశం ఏమైందో మనం చూస్తూనే ఉన్నాం.

మరి ఇంత తెలిసీ ఎందుకు వరసలో నిలబడతారు? 1990లో పోలండ్, ఉక్రెయిన్ తలసరి ఆదాయాలు దగ్గర దగ్గరగా ఉండేవి. పోలండ్ 2004లో లోపలికి వెళ్లింది. యుద్ధానికి ముందే పోలండ్ ఆదాయం ఉక్రెయిన్‌కు మూడు రెట్లు దాటింది. ఇదొక్కటే కారణమని చెప్పను గానీ, కీవ్‌లో కూర్చున్నవాళ్లకు కిటికీలోంచి కనిపించేది ఇదే. 2024 అక్టోబరులో మాల్దోవాలో ఈయూ లక్ష్యాన్ని రాజ్యాంగంలో రాయాలా అని ఓటు పెడితే 50.35 శాతం అవునన్నారు. సగం దేశం ఒకవైపు, సగం దేశం ఇంకోవైపు. మాంటెనెగ్రో అయితే 2002 నుంచీ యూరోనే తన డబ్బుగా వాడుకుంటోంది, వడ్డీ రేటు నిర్ణయించే బ్యాంకులో దానికి మాట లేదు. వాళ్లది తెలియనితనం కాదమ్మా. బయట ఉండి రూలు పాటించడం కంటే లోపలికెళ్లి రూలు రాయడం మేలని లెక్క వేసుకున్నారు.

నీ జవాబు పత్రంలో ‘సాయం’, ‘దోపిడీ’ అని రెండు పక్షాలు పెట్టి వాదించకు. ప్రతి ఒప్పందాన్నీ తీసుకుని రూలు మారితే ఎవరిని అడుగుతారు, ఒప్పందం తెగితే ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు అన్నవి వెతుకు. టర్కీ పేజీ దగ్గర ఇంకొంచెం ఎక్కువ రాయి. కస్టమ్స్ యూనియన్ వల్ల రెండు వైపులా లాభపడ్డాయనీ, దాని కట్టుబాట్లలో ఈ ఎగుడుదిగుళ్లు ఉన్నాయనీ 2014లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా చెప్పింది. 2016 డిసెంబరులో ఆ కస్టమ్స్ యూనియన్ ఒప్పందాన్ని తిరగరాసే చర్చలకు కమిషన్ సభ్యదేశాల అనుమతి అడిగింది.

మా నాన్నగారు కూడా తరుగు పెట్టిన మరుసటి ఏడు ఇంకో నలుగురు సరుకు తోలేవాళ్లతో కలిసి ఫ్యాక్టరీకి వెళ్లారు. ధర పెంచమని అడగలేదు. కోయడానికి మూడు బస్తాలు విప్పండి, అందులో ఒకటి మేం చూపిస్తాం అన్నారు. ఐదుగురూ ఒకేసారి వచ్చారని కాబోలు, వాళ్లు ఒప్పుకున్నారు. టర్కీకి అలాంటి నలుగురు దొరకలేదు. ఒప్పందం తిరగరాసే పని ఇక ముందుకు తీసుకెళ్లేది లేదని 2018 జూన్‌లో ఈయూ మంత్రుల మండలి తేల్చేసింది. ఆ మాట అనుకున్న సమావేశంలో సైప్రస్ మంత్రికి కుర్చీ ఉంది, టర్కీ మంత్రికి లేదు.